కొసరు వేసిన చెరువు

మా మనవరాలు మొన్న బడి నుంచి వస్తూ ఒక గాజు సీసా తెచ్చి నా గల్లాపెట్టె పక్కన పెట్టింది. అడుగున వేలెడు మట్టి, మట్టి మీద నీళ్ళు, నీళ్ళలో నాలుగు పోగుల నాచు, గోరంత నత్త. మూత బిగించి చుట్టూ టేపు కూడా వేసింది.

"నానమ్మా, దీంట్లో ఎవరూ ఏమీ వెయ్యకూడదు. మూత కూడా తియ్యకూడదు. మా మేడమ్ చెప్పింది."

"మరి ఏం తిని బతుకుద్దే ఆ నత్త?" అన్నాను. జవాబు నాకు తెలుసు. తెలిసిన ధరనే మళ్ళీ అడగడం మా వృత్తిలో అలవాటు.

"నత్త వదిలింది మట్టిలో సూక్ష్మజీవులు తింటాయి. అవి వదిలింది నాచు తింటుంది. నాచుని నత్త తింటుంది. అన్నీ లోపలే. బయటి నుంచి ఏమీ అక్కర్లేదు."

సీసా మీద సాయంత్రపు ఎండ పడుతోంది. నీళ్ళు లేత పచ్చగా మెరిశాయి. ఆ రంగు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నేను మాత్రం చూపు తిప్పుకున్నాను.

ఇది మా నాన్న కొట్టు. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు. ఆయనకి నేనొక్కదాన్నే కాబట్టి అల్లుణ్ణి కూడా కొట్టులోకే తెచ్చుకున్నారు. ఆ బేరంలో నా చెయ్యి కూడా ఉందని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు. ఇప్పుడు కొట్టులో అన్నీ కంపెనీ కుట్టు వేసిన సంచులే. ఏ సంచిలో ఏముందో కాగితం చెప్పాలి. నా చిన్నప్పుడు ముక్కు చెప్పేది. మూతులు విప్పిన గోనె బస్తాలు వరసగా ఉండేవి, వాటి మధ్యలో దూలానికి వేలాడే పెద్ద కాటా. యూరియా వాసన ముక్కులో సన్నగా గుచ్చుకునేది. వేపచెక్క చేదు నాలుక మీదికి వచ్చేది. ఎదురుగా మా మామయ్య తవుడుకొట్టు నుంచి నూనె తీసిన పత్తిచెక్క జిడ్డు వాసన, పక్కనే మిఠాయికొట్టు నుంచి కాగిన డాల్డా వాసన. వీటన్నిటి మీదా ఎండుమిరప ఘాటు. మాఘమాసం వచ్చిందంటే వీధి మొత్తం తుమ్మేది. పెళ్ళిచూపులకి బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మినా మా వీధిలో శకునం పట్టించుకునేవాళ్ళు కాదు. పట్టించుకుంటే ఒక్క పెళ్ళీ జరిగేది కాదు.

ఆ వీధికి ఒక పద్ధతి ఉండేది. తూకం అయ్యాక కొసరు వెయ్యాలి. ముల్లు నిలబడ్డాక, సరుకు ఏదైనా సరే, గుప్పెడు తీసి పైన వెయ్యాలి. అడక్కుండా వెయ్యాలి. అడిగాక వేస్తే దానికి విలువ లేదు. బెల్లం కొట్టులో పిల్ల వెళితే చేతిలో ముక్క పడేది, తవుడు కొన్నవాడి గంపలో చెక్క ముక్క పడేది. మా నాన్న చిటికెలో గుప్పెడు విసిరితే అది సంచి మధ్యలో పడేది, ఒక్క గింజ జారేది కాదు.

"ముల్లు చూసి ఇచ్చేది కాటా ఇస్తుందే. మనమేం ఇచ్చినట్టు?" అనేది మా నాయనమ్మ. ఆవిడ కొట్టు అరుగు మీద పీట వేసుకుని, వక్కలు కత్తిరిస్తూ, వచ్చేపోయే వాళ్ళందరి యోగక్షేమాలు కూడా కొసరుగా కనుక్కునేది.

నేను మాత్రం కొసరుకి పుట్టు విరోధిని. నాన్న వేసిన గుప్పెడులో సగం నా కళ్ళు వెనక్కి లాగేవి. వీధిలో నా పేరు బేరాలమ్మ. నేను ఉప్పు కొనడానికి వెళ్ళినా కిరాణాకొట్టు పెదనాన్న ముందే దణ్ణం పెట్టేవాడు. "నీకు ఊరికే ఇచ్చేస్తా తల్లీ, పొద్దున్నే నోరు తెరవమాక" అని.

బళ్ళో నా బల్ల మీద కూర్చునే పిల్లని అందరూ సన్నకాయ అనేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఎండకి ఎర్రబారి అచ్చం మిరపకాయలా ఉండేది. వాళ్ళ నాన్న కాలవ అవతల పొలం కౌలుకి తీసుకుని పత్తి, మిరప వేసేవాడు. అది మధ్యాహ్నం తెచ్చుకునే గిన్నెలో పండుమిరప పచ్చడి, ఉల్లిపాయ, చల్లటి అన్నం. మాది నెయ్యి వేసిన పప్పన్నం. రోజూ మార్చుకునేవాళ్ళం. ఆ మార్పిడిలో లాభం నాదేనని నేననుకునేదాన్ని, దానిదేనని అదనుకునేది. నేను జీవితంలో చేసిన వాటిలో ఇద్దరూ గెలిచిన బేరం అదొక్కటే.

మా సైన్సు మాస్టారు ఒంగోలు అవతల సముద్రం ఒడ్డు ఊరాయన. ఆయన చొక్కాకి ఎండుచేపల వాసన వస్తుందని మేం కిసుక్కుమనేవాళ్ళం. నిజానికి వచ్చేది కాదు. రావాలని మా కోరిక. ఒకరోజు ఆయన నల్లబల్ల మీద పెద్ద గుండ్రం గీశాడు. చేప, బురద, నాచు, మళ్ళీ చేప. "ఈ గుండ్రానికి మొదలెక్కడ?" అన్నాడు.

"గల్లాపెట్టె దగ్గరండీ" అన్నాను నేను.

తరగతంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "ఇందులో గల్లాపెట్టె లేదమ్మా. కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. ఒకటి పారేసింది ఇంకోదానికి అన్నం. అంతే" అన్నాడు. ఆ మాటకి నాకు రాత్రి అన్నం సయించలేదు. కొనకుండా అమ్మకుండా ఒక ప్రపంచం నడుస్తుందంటే మరి మా ఇంటిల్లిపాదీ ఎందుకున్నట్టు?

గుంటూరులో జరిగే సైన్సు ప్రదర్శనకి ఆ గుండ్రాన్ని నిజంగా చేసి పంపుదాం, అద్దాలపెట్టెలో చిన్న చెరువు కడదాం అన్నాడు మాస్టారు. సన్నకాయ చెయ్యెత్తింది. దాని పక్కన కూర్చున్న పాపానికి నా చెయ్యి కూడా లేచింది.

మిఠాయికొట్టు బాబాయి దగ్గర పాత షోకేసు అద్దాలుంటే బేరమాడాను. "గుంటూరులో పెట్టె మీద మీ కొట్టు పేరు రాయిస్తాను బాబాయ్, కలెక్టరు చూస్తాడు" అన్నాను. ఆయన పొంగిపోయి అద్దాలతో పాటు రెండు పూతరేకులు కూడా ఇచ్చాడు. దేవుడి పటాలు కట్టే ఆయన లప్పం పెట్టి అద్దాలు అతికించాడు. నీళ్ళు పోస్తే కారింది. రోడ్డు వేసేవాళ్ళ దగ్గర వేడి తారు అడుక్కొచ్చి మూలలు పూశాం. మా చేతుల నలుపు వారం దాకా వదల్లేదు, నాయనమ్మ కిరసనాయిలు పెట్టి రుద్దింది.

కాలవకి ఇద్దరం వెళ్ళాం. బురద, నాచు, నత్తలు, వేలెడంత చేపపిల్లలు. నా పావడా తడుస్తుందని దాని పావడాతోనే చేపలు పట్టించాను. అది తొడల లోతు నీళ్ళలో నిలబడి, "ఏమే బేరాలమ్మా, దిగవే! చేపలు నిన్నేమీ ధర అడగవులే" అని ఒకటే నవ్వు.

బళ్ళో కిటికీలకి తలుపుల్లేవు, కోతుల బెడద. అందుకని పెట్టెని బడి గేటు పక్కనే ఉన్న మా కొట్టు అరుగు మీద పెట్టాం, పొద్దుటి ఎండ తగిలేచోట. పైన అద్దం మూత. మూత కదలకుండా నాన్న కాటా రాళ్ళలోంచి ఒక కేజీ రాయి ఇచ్చాడు. "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఏమీ వెయ్యొద్దు. దానికి కావల్సింది దాంట్లోనే ఉంది" అని మాస్టారు వీధి వీధంతటికీ వినపడేలా చెప్పాడు. అందరూ తలలూపారు. మా వీధిలో తలూపడానికీ ఒప్పుకోవడానికీ మధ్య చాలా దూరం.

దసరా సెలవులు అయిపోతుండగా సన్నకాయ వాళ్ళ నాన్న కొట్టుకొచ్చాడు. తలకి తువ్వాలు, కాళ్ళకి నల్లరేగడి బురద. ఎరువు తూయించుకుంటూ అన్నాడు, "రేపట్నుంచి పిల్ల బడికి రాదు శెట్టిగారూ. పత్తి విచ్చుతోంది. ఆ వెనకే మిరప కోతలు. వాళ్ళమ్మకి నడుం పట్టేసి వంగలేకపోతోంది."

సన్నకాయ పెట్టె వెనక నిలబడి ఉంది. అద్దంలోంచి దాని మొహం నీళ్ళలో మునిగినట్టు కనిపించింది. నాకు బుర్ర ఆగలేదు.

"బాబాయ్, ఒక బేరం" అన్నాను.

"నువ్వా? వద్దమ్మాయ్. నీతో బేరమంటే నా ఎద్దులు కూడా నీ ఇంటికే వస్తాయంట" అన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్ళు నవ్వారు.

"అది కాదు బాబాయ్. ఈ పెట్టెని చూసుకునేది నీ కూతురే. ఇందులో చేపలు బతికున్నన్నాళ్ళు దాన్ని బడికి పంపు. చచ్చిపోయిన రోజున తీసుకెళ్ళు. మేమెవరం అడ్డం రాం."

ఆయన వంగి పెట్టెలోకి చూశాడు. మూత వేసిన గాజు, మేత లేదు, ఏమీ లేదు. వారం కూడా బతకవని ఆయన లెక్క అని నేననుకున్నాను. చాలాసేపు చూసి, "మాట మీద నిలబడతావా?" అన్నాడు.

"నిలబడతా."

ఎద్దుల సంతలో కొట్టినట్టు నా అరచేతిలో అరచెయ్యి కొట్టాడు. చుర్రుమంది. నాన్న మురిసిపోతూ ఆయన సంచిలో ఒకటికి రెండు గుప్పిళ్ళు కొసరు వేశాడు. ఆ పూట నేను వీధికి మహారాణిని. చేపల ఊపిరి మీద ఒక మనిషి చదువు తూకం వేశానని నాకు తట్టలేదు. లాభం కళ్ళకి కట్టినప్పుడు నష్టం ఎవరి కంటికి ఆనుతుంది?

చేపలు చావలేదు. వారం గడిచింది, ఇంకా గడిచింది. సన్నకాయ పొద్దున్నే గంటకి ముందు వచ్చి పెట్టె ముందు గొంతుక్కూర్చునేది. "నత్త గోడెక్కిందే", "నాచుకి కొత్త చిగురే" అని గుసగుసగా చెప్పేది, పక్కవాళ్ళు వింటే దిష్టి తగులుతుందన్నట్టు. క్లాసులో ఎప్పుడూ తల దించుకుని ఉండే పిల్ల మాస్టారు అడక్కముందే లేచి జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. పెద్దయ్యాక ఏమవుతావని ఆయన అడిగితే, "చేపల డాక్టర్ని" అంది. అలాంటి డాక్టరు ఉంటాడో లేడో మాకెవరికీ తెలీదు. మాస్టారు మాత్రం, "ఉంటారమ్మా, నువ్వే అవుదువు" అన్నాడు.

బజారుకి వచ్చిన ప్రతివాడూ అరుగు దగ్గర ఆగేవాడు. నాయనమ్మ పెట్టెకి కాపలాదారు, గైడు కూడా.

"ఏమీ వెయ్యకపోతే ఎట్టా బతుకుతాయి పిన్నిగారూ?" అనేది ఎవరో ఒకావిడ.

"అదేనమ్మా నేనూ అంటా. ఆ మాస్టారు సముద్రం మనిషి. సముద్రానికి ఎవరు పెడతారులే అనుకున్నాడు. ఇవి మన కాలవ పిల్లలాయె."

"పసికూనల్ని పస్తు పెట్టి పరీక్షలేంటోనమ్మా" అనేవాడు తవుడుకొట్టు మామయ్య వీధి అవతలి నుంచి.

నేను అటు కళ్ళెర్రజేసేదాన్ని. బేరం నాది, కాపలా నాది. కానీ బళ్ళో ఉన్నంతసేపూ అరుగు మీద నేనుండను కదా.

కార్తీకమాసానికి నీళ్ళకి పచ్చదనం వచ్చింది. ముందు లేత పచ్చ, తర్వాత చిలకపచ్చ. వీధంతా సంబరపడింది. మా నేల మనుషులకి పచ్చదనమంటే ఒకటే అర్థం, పైరు బాగుంది అని. సంచి భుజాన వేసుకున్న రైతులు ఆగి, "అబ్బ, ఏం కళగా ఉందయ్యా!" అనేవాళ్ళు. సన్నకాయ వాళ్ళ నాన్న కూడా ఒక సంత రోజున వచ్చి, పెట్టె ముందు నిలబడి, మీసం కింద నవ్వుకుని వెళ్ళాడు. సన్నకాయ మాత్రం నవ్వలేదు. "లోపలివి సరిగ్గా కనపట్టంలేదే" అంది. "కనపడకపోతే ఏం, పచ్చగా ఉందిగా" అన్నాను నేను, వీధి పిల్లని కదా.

అప్పుడు తుఫాను ముసురు పట్టింది. ఆకాశం గోనెపట్టా కప్పుకున్నట్టు ఉండిపోయింది. బస్తాలు చెమ్మకి గడ్డకట్టాయి, కాటా గొలుసులు తుప్పుపట్టాయి. ఒక పొద్దున కొట్టు తలుపులు తీస్తుంటే కొత్త వాసన వచ్చింది. యూరియా కాదు, చెక్క కాదు. వాన నీళ్ళు నిలిచిన ధాన్యం కొట్టులో వచ్చే వాసన.

నీళ్ళు తోటకూర పులుసులా చిక్కగా ఉన్నాయి. పైన రెండు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగిలినవి మూతులు నీటి అంచుకి ఆనించి, గాలి కోసం తెరిచి మూసి, తెరిచి మూసి. నాచు కుళ్ళి నల్లగా జారిపోయింది. గొడుగు లేకుండా తడుస్తూ వచ్చిన సన్నకాయ మూత మీది కేజీ రాయి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. నేను బడికి పరుగెత్తి మాస్టార్ని లాక్కొచ్చాను.

ఆయన చొక్కా మోచేయి దాకా మడిచి, చెయ్యి ముంచి, అడుగు బురద పైకి తీశాడు. అరచేతిలో నల్లటి జిగట. అందులో కరగని బూడిదరంగు ఎరువు గింజలు, ఉబ్బిన అన్నం మెతుకులు, చెక్క పొట్టు, పసుప్పచ్చటి బూందీ.

"ఎవరేశారు?" అన్నాడు.

వానలోనే వీధంతా అరుగు చుట్టూ మూగింది. మా నాన్న గొంతు సవరించుకున్నాడు. "నాలుగు గింజలేనండీ మాస్టారూ. నాచు నీరసంగా ఉంటేనూ..."

నాయనమ్మ పీట మీద కదిలింది. "నేను పెరుగన్నం నాలుగు మెతుకులు. రోజూ కాదులే, ఏకాదశికి వెయ్యలేదు."

"మనదేముంది, చిటికెడు చెక్క పొడి" అన్నాడు మామయ్య.

"కార్తీక పున్నమి కదా అని..." అన్నాడు మిఠాయికొట్టు బాబాయి. దేవుడి పటాల ఆయన ప్రసాదం అటుకులు వేశాడంట. కిరాణాకొట్టు పెదనాన్న మరమరాలు.

ఎవరికి వాళ్ళది చిటికెడే. పక్కవాడి చిటికెడు ఎవరికీ తెలీదు. ఆ వీధిలో ఏమీ వెయ్యనిదాన్ని నేనొక్కదాన్నే. మంచితనం కాదు, పిసినారితనం. ఆ ఒక్కసారే ఆ పిసినారితనం ఎవరికైనా పనికొచ్చేది, ఇంకో నలుగురికి ఉండుంటే.

మాస్టారికి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. "చాలినదాని మీద వేశారండీ" అన్నాడు మెల్లగా. "తినగలిగినంతే తింటాయి. మిగిలింది కుళ్ళుద్ది. కుళ్ళేదానికీ గాలి కావాలి. ఎరువుకి పచ్చటి పాచి పెరిగి ఎండ లోపలికి పోనివ్వలేదు, మీద నుంచి ఈ ముసురు. ఉన్న గాలంతా కుళ్ళు తాగేసింది. ఆకలితో చావలేదు ఇవి."

అప్పుడే సన్నకాయ వాళ్ళ నాన్న బండి కొట్టు ముందు ఆగింది. తడిసిన తువ్వాలు పిండుకుంటూ దిగాడు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, వాసనే చెప్పింది. నేను ఎదురెళ్ళాను. నాకు చేతనయింది ఒక్కటేగా.

"బాబాయ్, ఇంకా ఒకటి కదులుతోంది. బతికే ఉంది. బేరం ఇంకా తెగలేదు. మేం నీళ్ళు మారుస్తాం, కాలవ నుంచి మళ్ళీ..."

ఆయన నన్ను దాటి వెళ్ళి పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు, అచ్చం కూతురు కూర్చున్నట్టు. మాస్టారి అరచేతిలోకి చూశాడు. ఆ బూడిదరంగు గింజల్లో ఒకటి వేలితో తీసి నలిపాడు.

"నేనూ ఏశానమ్మా" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"సంత రోజున. శెట్టిగారు నాకేసిన కొసరే. మీ నాయనమ్మగారు లోపలికెళ్ళినప్పుడు మూత జరిపి ఏశా." గింజ పొడి వేళ్ళ మధ్య నుంచి రాలింది. "ఇంకో నాలుగు రోజులు ఎక్కువ బతుకుతాయేమోనని. పిల్ల చదువుకుంటంది గదా అని."

సన్నకాయ అప్పుడు ఏడిచింది. కేజీ రాయి ఒళ్ళో పెట్టుకునే.

నాన్న అన్నాడు, "పోనీలేవయ్యా. చేపల మీద పందెమేంటి, పిల్లలాట. రానీ పిల్లని."

"రానిద్దామనే ఉంది శెట్టిగారూ. ఎవరు తీస్తారు చెప్పండి? చేనంతా విచ్చి తడిసింది. కూలోళ్ళు ఎవరి చేలో వాళ్ళున్నారు. ఇంకో వాన పడితే పత్తి నల్లబడుద్ది. దాని తల్లి మంచం దిగట్లా." ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు. "చేపలుంటే ఆ వంకన నేనే ఎట్టాగో లాగేవాణ్ణి."

నా అరచెయ్యి మళ్ళీ చురుక్కుమన్నట్టయింది. ఆ రోజు ఆయన చేప చావాలని చేతిలో చెయ్యి వెయ్యలేదు. ఒక వంక దొరికిందని వేశాడు. ఎదుటివాడి మొహం చూసి ధర చెప్పగలనని మిడిసిపడేదాన్ని, ఆ మొహం మాత్రం చదవలేకపోయాను.

సన్నకాయ కళ్ళు తుడుచుకుని, "నీళ్ళు మురిక్కాలవలో పోయొద్దు. చేలో పోద్దాం" అంది. ఎవరూ కాదనలేదు. పెట్టెని నలుగురూ పట్టి బండిలో గడ్డి మీద పెట్టారు. నేనూ ఎక్కాను. దారంతా నీళ్ళు తొణికి మా పావడాలు పచ్చగా కంపుకొట్టాయి. చేలో పత్తి కాయలు తడిసిన కోడిపిల్లల్లా వేలాడుతున్నాయి. దాని పక్కన మిరప మడి, ఇంకా పచ్చికాయ మీద ఉంది. చివరి సాలు మొక్కల మొదట్లో చిన్న కాలవ తీసింది సన్నకాయ. పెట్టె వంచాం. నీళ్ళు, బురద, చేపలు, వీధి వీధంతా వేసిన చిటికెడు చిటికెడూ, అన్నీ నల్లరేగడిలోకి దిగిపోయాయి. ఆఖరిది కూడా అప్పటికి కదలడం మానేసింది.

గట్టు మీద వాళ్ళు తెచ్చుకున్న గిన్నె విప్పారు. అదే చల్లన్నం, అదే పచ్చడి. నాకు ముందు పెట్టారు. ఆ రోజు మార్చుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

"కోతలయ్యాక వస్తాలేవే" అంది సన్నకాయ, నన్ను ఓదార్చడానికి.

చలి ముదిరాక ఒకసారి వాళ్ళ నాన్నతో బండి మీద వచ్చింది. చేతులు మిరపకాయ ఘాటుకి మంటలెత్తి ఉన్నాయి, వేళ్ళు విడదీసి పట్టుకుంది. ఓణీ కొంగులోంచి ఎర్రటి పండుకాయలు నా ఒళ్ళో పోసింది. "ఆ చివరి సాలువి. మిగతా చేను కంటే మూరెడు ఎత్తు పెరిగాయే. మన చెరువు" అంది. నాయనమ్మ వాటితో పచ్చడి నూరింది. ఇంటిల్లిపాదీ ముక్కులు తుడుచుకుంటూ తిన్నాం. కళ్ళనీళ్ళు కారం వల్లేనని అందరం ఒప్పుకున్నాం.

కోతలయ్యాక తొడిమలు తియ్యడం, తాలుకాయ ఏరడం. అవయ్యాక మళ్ళీ దుక్కులు. బళ్ళో దాని చోట నా సంచి పెట్టుకునేదాన్ని, ఎవరూ కూర్చోకుండా. మాస్టారికి బదిలీ అయింది. గుంటూరు ప్రదర్శనకి మా బడి నుంచి ఎవరూ వెళ్ళలేదు. సన్నకాయకి పెద్ద వయసేమీ రాకుండానే పిడుగురాళ్ళ వైపు, సున్నం బట్టీల దగ్గర పనిచేసే అబ్బాయికిచ్చి పెళ్ళి చేశారు.

చాన్నాళ్ళకి అక్కడి బస్టాండులో కనపడింది. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి సున్నప్పొడి. నేను పోల్చుకోలేదు, అదే పిలిచింది.

"ఏమే బేరాలమ్మా! ఆ పెట్టె ఉందా?"

"ఉంది. నాన్న దాంట్లో విత్తనాల పాకెట్లు పెట్టాడు."

"పోన్లే, ఖాళీగా లేదుగా" అంది. బస్సు కదిలిపోతుంటే చెయ్యి ఊపింది, వేళ్ళు విడదీసి పట్టుకునే.

వాళ్ళ నాన్న మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి మా కొట్టుకే వచ్చాడు. ముల్లు నిలబడగానే నాన్న అలవాటుగా గుప్పెడు వేసేవాడు. ఆయన వంగి, సంచిలోంచి అంత గుప్పెడూ తీసి, తిరిగి బస్తాలో పోసి, అరచేతులు దులుపుకునేవాడు. "చాలండి శెట్టిగారూ" అనేవాడు. మళ్ళీ వచ్చినప్పుడు నాన్న మళ్ళీ వేసేవాడు, ఆయన మళ్ళీ తీసేవాడు. నాన్న వెయ్యడం మానలేదు, ఆయన తియ్యడం మానలేదు. ముందు ఆయన పోయాడు, తర్వాత నాన్న పోయాడు.

ఇప్పుడు నా కొట్టులో కొసరు లేదు. ఎరువు కట్ట కుట్టేసి వస్తుంది, దానికి గుప్పెడు ఎక్కడ కలుపుతాం? మిషను కాటా మీద అంకె ఆగితే ఆగినట్టే. దానికి బదులు రైతులే అడిగి ఇంకో కట్ట వేసుకుంటున్నారు. "చేను పచ్చగా రావాలమ్మా" అంటారు. "తీసుకోండి" అంటాను. బేరాలమ్మని, వద్దంటానా? మేం చేపలు పట్టిన కాలవ ఇప్పుడు అంచుల దాకా పచ్చగా ఉంటుంది. బస్సులోంచి చూసేవాళ్ళు బాగుందనుకుంటారు. దగ్గరికెళితే ఆ ముసురు నాటి పొద్దుటి వాసన.

సాయంత్రం పక్క కొట్టు ఆవిడ వచ్చి సీసాలోకి తొంగి చూసింది. "అయ్యో, నత్త ఎంత చిన్నదండీ! పాపం, మూత తీసి ఒక మెతుకు వెయ్యకపోయారా?" అంది. మంచావిడ. మా వీధి మనిషే.

నేను లేచి, గల్లాపెట్టె కింద అరలో వెతికాను. పాత కేజీ రాయి ఇంకా ఉంది. తుప్పు తుడిచి సీసా మూత మీద పెట్టాను. టేపు వేసిన మూతకి రాయి అక్కర్లేదు. అయినా పెట్టాను.